స్ప్రే ఉండగా చింత దండగ

బడుల్లో ఆటల సీజన్‌కు ముందస్తు ఏర్పాట్లు ఉండవని గిట్టనివాళ్లు అంటుంటారు. పచ్చి అబద్ధం. హనుమకొండలో గానీ, జనగామ, ములుగు, భూపాలపల్లి వైపు గానీ ఏదో ఒక హైస్కూలుకు వెళ్లి చూడండి. బోనఫైడ్‌లు, పాస్‌పోర్టు ఫొటోలు, ఆధార్ జిరాక్సులు, హెచ్‌ఎం సంతకం పడ్డ ఎంట్రీ ఫారాలు అన్నీ ఫైల్లో పద్ధతిగా ఉంటాయి. సిద్ధంగా లేనిదల్లా పిల్లవాడి చీలమండ. దానికి ఫారం లేదు మరి.

అమెరికాలో చాలా బడుల్లో అథ్లెటిక్ ట్రైనర్ అని ఒకాయన ఉంటాడు. దెబ్బ తగలకుండా చూడడం, తగిలితే గ్రౌండ్లోనే పట్టించుకోవడం, మళ్లీ ఎప్పుడు ఆడించాలో తేల్చడం ఆయన పని. మన దగ్గర ఆ కొలువు పీఈటీ సార్ నెత్తినే ఉంది. ప్రేయర్‌కు విజిల్ ఊదేది ఆయనే, ఆలస్యంగా వచ్చినోళ్లను గేటు దగ్గర నిలబెట్టేది ఆయనే, లెక్కల సార్ సెలవు పెడితే క్లాసుకు పోయేదీ, పంద్రాగస్టు పరేడ్ చేయించేదీ ఆయనే. ఇన్నింటి మధ్య గుర్తుపెట్టుకొని ఒక నొప్పి స్ప్రే డబ్బా కొని ఉంచాడంటే ఆ ముందుచూపుకు దండం పెట్టాలి.

స్ప్రే మహిమ తెలియనివాళ్ల కోసం కొంచెం వివరం. అందులోని మెంథాల్ చర్మాన్ని చల్లబడ్డట్టు నమ్మిస్తుంది. లోపల తెగిన నరానికో, ఎముకలను కలిపి ఉంచే లిగమెంటుకో ఆ కబురు అందదు. పిల్లవాడు మాత్రం లేచి నిలబడతాడు. "ఏం గాలేదు, ఉరుకు బిడ్డా" అనగానే ఉరుకుతాడు, అదే కాలు రెండోసారి మడత పడుతుంది. ఈసారి బెణకడం కాదు, ఎముకే విరుగుతుంది. చూశారా, ఒక్క స్ప్రేతో రెండు దెబ్బలు.

చాదస్తపు ట్రైనర్లయితే ఇంత సులువుగా పోనివ్వరు. చీలమండ బెణికితే పిల్లవాడిని నాలుగడుగులు వేయమంటారు. వేయలేకపోయినా, మడమకు పైన అటూ ఇటూ ఉండే గుబ్బ ఎముకల వెనక అంచును కింది నుంచి ఆరు సెంటీమీటర్ల దాకా నొక్కితే కేక పెట్టినా ఎక్స్‌రేకు పంపుతారు. లేదంటే ఐసు ముక్కలూ కాసిని నీళ్లూ కవర్లో పోసి, తడిగుడ్డ చుట్టి, 15 నుంచి 20 నిమిషాలు పెడతారు. ఐసు నేరుగా చర్మం మీద పెడితే తోలు కాలినట్టు అవుతుందట. క్రేప్ బ్యాండేజీ కూడా పిక్క దగ్గర మొదలుపెట్టరు, వేళ్ల దగ్గర నుంచి పైకి చుట్టుకొస్తారు. పిక్క దగ్గర బిగించి కిందికి దిగితే పాదం బూరెలా ఉబ్బుతుంది కదా! చుట్టాక బొటనవేలి గోరు నొక్కి వదులుతారు. రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రాకపోతే విప్పి మళ్లీ కడతారు. ఇంత తతంగం అయ్యేలోపు మన టీం క్వార్టర్ ఫైనల్ ఓడిపోయి ఇంటికొచ్చేస్తుంది.

కబడ్డీ రైడర్ మోకాలు మెలిపడి 'టప్'మందనుకోండి. రెండు గంటల్లో ఉబ్బితే లోపల రక్తం చేరుతోందని, లిగమెంటు తెగి ఉండొచ్చని వాళ్లు ఆట మాన్పిస్తారు. మన దగ్గర ఉబ్బేదాకా చూడం. ఆలోపే సెకండాఫ్‌లో దింపేస్తాం.

ఇక గ్రౌండ్. యాసంగి వడ్లు అక్కడే ఆరాయి, ఒక సభ అయింది, రెండు పెళ్లిళ్లయ్యాయి. టెంటు మేకులు, సీసా పెంకులు, గుట్కా ప్యాకెట్లు ఎవరి వాటా వాళ్లు వదిలి వెళ్లారు. అప్పట్లో హరితహారం మొక్కలకు తవ్విన గుంతలు సరేసరి. నల్లరేగడి నెర్రెలు సరిగ్గా ఆరో తరగతి పిల్ల పాదమంత వెడల్పు. పిల్లలను బారెడు దూరంలో వరుసగా నిలబెట్టి, ఈ కొస నుంచి ఆ కొసకు నడిపించి పెంకులు ఏరించాలట. గుంతల్లో మొరం పోసి, తడిపి, రోలర్ తిప్పాలట, అదీ వానలు ముదరకముందే. లాంగ్‌జంప్ గుంతలో ఇసుక పారతో తిరగేసి, రన్‌వేతో సమానంగా నింపాలట. ఎండాకాలమంతా అందులో కుక్కలే కదా ప్రాక్టీసు చేసింది. గీతలకు సున్నం వద్దట, తడి తగిలితే కళ్లు మండిపోతాయి కాబట్టి ముగ్గుపిండి వాడాలట.

షాట్‌పుట్ సెక్టార్ (గుండు పడాల్సిన మేర) 34.92 డిగ్రీలు అని రూల్ బుక్కులో చదివి జామెట్రీ బాక్సు వెతికే సార్లకు ఒక చిట్కా ఉంది. వృత్తం మధ్య నుంచి 20 మీటర్ల దూరంలో రెండు గీతల మధ్య 12 మీటర్లు ఉండేలా తాడు పడితే సరిపోతుంది. ఆ రెండు గీతల మధ్యే నిలబడి "ఎయ్‌రా, ఎయ్" అని ఉత్సాహపరిచే అభిమానులను ఎక్కడ నిలబెట్టాలో మాత్రం రూల్ బుక్కు కూడా తేల్చలేదు.

ఎండ సంగతి. వేసవి సెలవులన్నీ ఫోను చూస్తూ పడుకున్న పిల్లలను జూన్ ఉక్కపోతలో తొలిరోజే పది రౌండ్లు కొట్టిస్తే సత్తా ఎవరికుందో తేలిపోతుంది. ఒంటికి ఎండ అలవాటు కావడానికి 10 నుంచి 14 రోజులు కావాలని, పొద్దున ఏడింటికి అరగంటతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలని, మధ్యలో 15-20 నిమిషాలకోసారి నీళ్లు ఇవ్వాలని అనేవాళ్లు పిల్లలను సుకుమారం చేస్తున్నారు. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలపాలట. మనవాళ్లు గ్లాసులో సగం కలిపి ఇస్తారు, "స్ట్రాంగ్‌గా ఉండాలె" అని. ఉప్పు ఎక్కువై పిల్లవాడు వాంతి చేసుకుంటే ఎండ తగిలిందంటారు. ఆటకు ముందు, తర్వాత తూకం చూస్తే 30 కిలోల పిల్ల 600 గ్రాములకు మించి తగ్గిందో లేదో, అంటే ఒంట్లో నీళ్లు మరీ తగ్గాయో లేదో తెలుస్తుంది. కాటా మాత్రం మధ్యాహ్న భోజనం బియ్యం తూచే పనిలో బిజీ.

వడదెబ్బకు పిల్లవాడు పొంతన లేకుండా మాట్లాడుతున్నాడంటే ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే తరలించాలి. డ్రమ్ములో ఐసు నీళ్లుంటే మెడదాకా కూర్చోబెట్టి తలను పట్టుకోవాలి. లేకపోతే తడి తువ్వాళ్లు మారుస్తూ, నీళ్లు పోస్తూ, విసురుతూ ఉండాలి. ఆ డ్రమ్ము సైన్స్ ల్యాబులో విరిగిన బెంచీల కింద ఉంది.

తలకు దెబ్బ తగిలి కళ్లు తిరుగుతున్నా, తలనొప్పి అన్నా, స్కోరెంతో మరిచినా ఆ రోజు ఆట బంద్. ఇక్కడ స్ప్రే కొట్టలేం, జుట్టు అడ్డం. శాశ్వత పన్ను ఊడితే వేరును ముట్టుకోకుండా తెల్లని వైపు పట్టుకుని, రుద్దకుండా, పాలల్లో వేసి అరగంటలో దంతవైద్యుడి దగ్గరికి చేర్చాలి. పాలు గేటు బయట చాయ్ బండి దగ్గర దొరుకుతాయి. వేడివి కాదు, చల్లవి అడగండి.

ఇంతకన్నా ముందు, సీజన్‌కు నెల ముందే, పిల్లలను నాలుగు ప్రశ్నలు అడగాలంటారు. ఉరుకుతుంటే ఎప్పుడైనా సొమ్మసిల్లినవా? ఛాతీ నొప్పి వచ్చిందా? ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి పోయారా? ఆయాసానికి పంపు (ఇన్‌హేలర్) వాడుతున్నవా? ములుగు, ఏటూరునాగారం వైపు ఆదివాసీ పిల్లలను సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు) కార్డు ఉందా అని కూడా అడగాలి, నీళ్లు తక్కువై ఎండలో ఉరికితే ఆ జబ్బున్నవాళ్లకు ప్రమాదం ఎక్కువ. ఇవేవీ ఎంట్రీ ఫారంలో లేవు కాబట్టి మనం అడగం. ఆదివారం రాత్రి వాట్సాప్‌లో "రేపు ఉదయం 9 గంటలకు మండల సెలక్షన్స్" అని మెసేజ్ వచ్చాక అడగడానికి సమయమెక్కడిది?

పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వెళ్లిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగు టీ20 (మేధో వైకల్యం ఉన్నవాళ్ల) విభాగంలో కాంస్యం తెచ్చింది. మన ఊళ్లలో ఫ్లెక్సీలు కట్టాం, ఘనంగానే. ఆ ఫ్లెక్సీ గుడ్డ నాలుగు మూలలా పట్టుకుంటే వడదెబ్బ తగిలిన పిల్లకు మంచి నీడ అవుతుంది. ఎవరూ ఈ కోణంలో ఆలోచించలేదు.

చివరిగా ఎమర్జెన్సీ ప్లాన్. 108కి ఫోన్ చేసేది ఎవరు, అడ్రసుకు గుర్తు ఏం చెప్పాలి, రోడ్డు దాకా ఎదురెళ్లేది ఎవరు, అంబులెన్సు గ్రౌండ్లోకి వచ్చే వెనక గేటు తాళం ఎవరి దగ్గరుంది అన్నవి కాగితం మీద రాసి గోడకు అంటించాలి. ఏడాదికోసారి ఉత్తుత్తిగా చేసి చూడాలి. తాళంచెవి అటెండర్ దగ్గర ఉంటుంది, అటెండర్ ఎంఈఓ ఆఫీసుకు పోయుంటాడు. తాళం పోయినేడు వానలకే తుప్పుపట్టింది. దాని మీద కూడా స్ప్రే కొట్టి చూడొచ్చు.