నల్లద్రావం గారికి ఒక విన్నపం

శ్రీయుత నల్లద్రావం గారికి,

కర్నూలు నుంచి ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు నమస్కరించి వ్రాయునది.

వెదురునో సరుగుడునో ముక్కలు చేసి, కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడు కలిపిన నీళ్ళలో సుమారు 170 డిగ్రీల వేడి మీద ఉడికించి, పీచును కాగితానికి తీసుకున్న తరువాత మిగిలే నల్లని గంజి తమరు. టన్ను గుజ్జుకు సుమారు 7 టన్నుల చొప్పున పుట్టే తమకు ఇంతకాలం వ్యర్థమన్న పేరే ఉండేది. ఇప్పుడు తమలోని, చెక్కలో పీచును అతికి ఉంచే జిగురైన లిగ్నిన్‌తో చౌకగా సర్ఫాక్టెంట్ (సబ్బులా నూనెను కదిలించే పదార్థం) చేసి, చమురు బావుల్లోకి ఎక్కించి, రాతిని పట్టుకొని వదలని ముడిచమురును కడిగి తేవచ్చునని సభల్లో విన్నాను. అభినందిద్దామని కూర్చుంటే సందేహాలు వచ్చాయి.

తమకు అప్పగిస్తున్న పని చిన్నది కాదు. మా వంటింటి గట్టు కడప బండ. దాని మీద ఒలికిన వేరుశనగ నూనె ఎన్ని చెంబుల నీళ్ళు పోసినా పోదు, కుంకుడు రసం పడితేనే కదులుతుంది. భూగర్భంలోనూ ఇదే కథ: సొంత ఒత్తిడితో వచ్చినంత వచ్చి, ఆపైన నీళ్ళతో నెట్టినంత నెట్టినా, చాలా క్షేత్రాల్లో సగానికి పైగా చమురు రాతి సందుల్లోనే ఉండిపోతుంది. ఆ బొట్టు సాగి జారాలంటే నీటికి, చమురుకు మధ్యనున్న తలతన్యత (రెంటినీ కలవనీయని బిగువు) దాదాపు పదివేల వంతుల్లో ఒక వంతుకు పడిపోవాలి. అందుకు నీటిని ఇష్టపడే తల, నూనెను ఇష్టపడే పొడవైన తోక, రెండూ ఉన్న అణువు కావాలి. లిగ్నిన్‌కు సల్ఫోనేట్ తల తగిలించవచ్చు (సల్ఫైట్ పద్ధతి మిల్లుల్లో పుట్టిన తమ దాయాదికి అది పుట్టుకతోనే ఉంటుంది), కానీ తోక లేదు. దానిని అతికించే ఖర్చు, ‘చౌక’ అని చెప్పిన స్లైడు అయ్యాక వచ్చే స్లైడులో ఉంటుంది; అప్పటికి సభ టీకి లేచిపోతుంది.

తోక లేనివారికి వేరే పదవి ఉంది. పెట్రోలియం సల్ఫోనేట్ వంటి ఖరీదైన సర్ఫాక్టెంటు బావిలోకి దిగితే, చమురును చేరేలోపే రాయి, ముఖ్యంగా అందులోని బంకమట్టి, దానిని ఒంటికి పూసుకుంటుంది. కనుక లిగ్నోసల్ఫోనేటును, అంటే సల్ఫోనేట్ తల తగిలిన లిగ్నిన్‌ను, ముందుగా పంపి, రాతి ఆకలి తీర్చి, వెనుక దొరగారిని నడిపించాలన్నది ఇంజనీర్ల ఉపాయం. తమరు అక్కడే అతుక్కుపోతారు, చమురు తెచ్చిన పేరు ఆయనకు దక్కుతుంది. కరివేపాకునైనా ఏరి కంచం పక్కన పెడతారు. తమరిని ఏరేవారు కూడా ఉండరు.

ఇక వ్యర్థమన్న మాట. పెద్ద మిల్లులో తమరిని చిక్కబరచి రికవరీ బాయిలరులో కాలుస్తారు. లిగ్నిన్ ఇచ్చే వేడితో ఆవిరి, కరెంటు పుడతాయి, సోడా తిరిగి చేతికి వస్తుంది. ఆ లిగ్నిన్‌ను చమురువారికి అమ్మితే మిల్లు బొగ్గు కొనుక్కోవాలి. కొత్త ఉద్యోగం ఇస్తామన్నవారు పాత ఉద్యోగం గురించి వాకబు చేయలేదన్నమాట. వరిగడ్డిని ఉడికించే చిన్న మిల్లుల సంగతి వేరు: గడ్డిలోని సిలికా గొట్టాల్లో పొలుసు కడుతుంది, బాయిలరు పెట్టే స్తోమత ఉండదు, తమరు వాగుపాలయ్యేవారు. పిలవదలచినవారు అక్కడికి వెళ్ళి పిలవాలి. అయితే అక్కడి సరుకు రోజుకో తీరు, చమురు ఇంజనీరు అడిగేది ఒకే తీరు.

ఒక్క విషయంలో తమరంటే నాకు నిజమైన గౌరవం. మా బోరు నీళ్ళలోని కాల్షియానికి సబ్బు విరిగి నురగే రాదు. అటువంటి నీళ్ళలోనూ లిగ్నోసల్ఫోనేటు విరగదు.

చివరగా ప్రయాణం. 2004లో కనుగొన్న రాజస్థాన్ ఎడారిలోని మంగళ చమురు క్షేత్రంలో క్షారం, సర్ఫాక్టెంట్, నీటిని చిక్కబరచే పాలిమర్ కలిపి ఎక్కించే ప్రయోగం జరిగింది కనుక, అక్కడికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కానీ పుట్టినప్పుడు తమలో నూటికి 15 పాళ్ళే సరుకు, మిగిలినదంతా నీరు. ఎండబెట్టి పంపాలంటే ఇంధనం కావాలి. ఆ ఇంధనం తమరే. ఉన్నపళంగా ట్యాంకరులో పంపితే, ఎడారికి నీళ్ళు ఎగుమతి చేసిన ఘనత రాయలసీమకు దక్కుతుంది. రవాణాతో కలిపి తమ ధర తెలుపగలరు.

ఇట్లు,
తమ శ్రేయోభిలాషి, కర్నూలు