నల్లమలలో నల్ల ఫొటో

పొద్దు గూకే వేళ ఫరహాబాద్ నుంచి మన్ననూరు దిగుతుంటే మలుపులో బండ మీద చిరుత. డ్రైవరు "సార్, అదిగో" అని గుసగుసగా చెప్పి ఇంజను ఆపేశాడు. (ఆపకపోతే జీపు వణుకు ఫొటోలోకి దిగుతుంది. అడక్కుండానే ఆపే డ్రైవరు దొరకడం పూర్వజన్మ సుకృతం.) ఫొటోగ్రాఫరు గారు బియ్యం నింపిన గుడ్డసంచి జీపు అంచు మీద పడేసి, 600 మిల్లీమీటర్ల లెన్సు దానికి ఆనించి, టకటకా ఇరవై కొట్టారు.

వెనక తెర మీద చూసుకుంటే మచ్చలతో సహా చిరుత ధగధగ. మోసం అక్కడే ఉంది. చుట్టూ చీకటి పడ్డాక ఆ బుల్లి తెర పెళ్లిపందిరిలా వెలుగుతుంది, అందులో బొగ్గు కూడా బంగారమే. నిజం చెప్పేది హిస్టోగ్రామ్ (ఎడమ చీకటి, కుడి వెలుగుగా ఫొటోని చూపే గ్రాఫు) ఒక్కటే: గుట్టంతా ఎడమ గోడకు చేరగిలబడిందంటే ఫొటో చీకట్లో ఉన్నట్టే. ఎదురుగా చిరుత ఉండగా హిస్టోగ్రామ్ మొహం ఎవరు చూస్తారు?

ఇంటికొచ్చి కంప్యూటర్లో తెరిచారు. బావమరిది భుజం మీంచి తొంగిచూశాడు.

"చిరుతేది బావా?"

"అదిగో, రాయి మీద."

"రాయేది?"

తప్పు పొద్దున జరిగింది. చెరువులో కొంగల తెల్ల ఈకలు మాడిపోకుండా ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్కకట్టిన వెలుగుని పెంచే, తగ్గించే మీట) మైనస్ 2కి తిప్పారు. సాయంత్రానికీ అక్కడే ఉంది. చిరుత వెనకున్న ఆకాశాన్ని చూసి కెమెరాలో వెలుగు కొలిచే మీటరు తన వంతుగా మరో స్టాపు కోసింది (ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది). వెరసి 3 స్టాపులు, అంటే రావలసిన వెలుగులో ఎనిమిదో వంతు.

తమాషా ఏమిటంటే, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందన) 800, ఎఫ్ (లెన్సు రంధ్రం కొలత) 6.3 దగ్గర లెక్క సరిగ్గా ఉంటే షట్టరు 1/6 సెకను పడేది. చిరుత చెవి ఆడించినా అలుక్కుపోయేది. మతిమరుపు పుణ్యమా అని 1/50 పడింది. చీకటిని పైకి లాగొచ్చు, అలుక్కుపోయినదాన్ని బ్రహ్మ కూడా బాగుచేయలేడు. ఐఎస్ఓ 6400 పెట్టుంటే అదే 1/50కి వెలుగు సరిపోయేది. ఈమధ్య వచ్చిన సెన్సర్లలో చాలావాటికి 800లో తీసి తర్వాత 3 స్టాపులు పెంచినా నాయిస్‌లో (గరుకు చుక్కల్లో) పెద్ద తేడా రాదు. కాకపోతే అది రా ఫైలై (సెన్సరు పట్టినదంతా తగ్గించకుండా దాచే ఫైలు) ఉండాలి. 14 బిట్ల రాలో 16,384 వెలుగు మెట్లుంటాయి, జేపెగ్‌లో (మామూలు ఫొటో ఫైలు) రంగుకి 256. జేపెగ్‌ని అంత లాగితే ఆకాశంలో మెట్లబావి కనిపిస్తుంది.

అదృష్టం, ఇది రా. కంప్యూటర్లో ముందు వైట్ బ్యాలెన్స్ (రంగుల సమతూకం), ఆ తర్వాత ఎక్స్‌పోజర్ ప్లస్ 3. ఆకాశం తెల్లబోతే హైలైట్స్ (మరీ వెలుగున్న చోట్లు) దించాలి. ఆయన ఉత్సాహంగా షాడోస్ (నీడల్ని వెలిగించే మీట) 100కి తోస్తే నీడల్లో వంకాయ రంగు పొంగింది. 20 చాలు, బ్లాక్స్ (కటిక నలుపు) కాస్త దించితే అడవి అడవిలా ఉంటుంది. చిరుత ఒంటి మీద ఉప్మారవ్వ చల్లినట్టున్న నాయిస్‌లో ముందు రంగు చుక్కలు తుడవాలి, కంటికి గుచ్చుకునేవి అవే. మిగతా గరుకు కొంత వదిలేయాలి. నాయిస్ తుడిచే మీటనీ 100కి నెట్టేసరికి చిరుతకి వెన్న పూసి ఇస్త్రీ చేసినట్టయింది. బావమరిదికి అదే నచ్చింది.

బుద్ధొచ్చిన ఫొటోగ్రాఫరు గారు కెమెరాలో ఐఎస్ఓ 6400, కాంపెన్సేషన్ ప్లస్ 1 పెట్టి నిశ్చింతగా పడుకున్నారు. మర్నాడు ఎండలో మళ్లీ అవే కొంగలు. షట్టరు 1/8000 దాకా పరిగెత్తి అక్కడ చేతులెత్తేసింది.

"బావా, ఈసారి కొంగేది?"