చిరునవ్వుకు ఖర్చేముంది?

నర్సు ఆప్యాయంగా చూసుకుంటే రోగి తృప్తిగా ఇంటికెళ్తాడని పరిశోధకులు తేల్చారు. పరిశోధన అంటే ఇదీ. మనమేమో ఇన్నాళ్లూ ఆసుపత్రి తృప్తి అంటే లిఫ్టు పనిచేయడమే అనుకుంటున్నాం.

ఆ మాటకొస్తే తృప్తి గురించి తిరుపతి వాళ్లకు ఇంకొకరు చెప్పాలా? కంపార్ట్‌మెంటులో గంటల తరబడి కూర్చుని, స్వామి ముందు రెండు సెకన్లు నిలబడి, 'జరగండమ్మా జరగండి' అనిపించుకుని, లడ్డూ సంచీతో బయటికొచ్చి 'దివ్యంగా అయింది దర్శనం' అంటాం. పెద్ద డాక్టరు రౌండ్సు కూడా అదే లెక్క. పొద్దున్నే దుప్పట్లు సర్దిస్తారు, అటెండెంట్లను బయటికి తోలేస్తారు, పరివారంతో ఆయన వస్తారు. 'ఎట్లుందమ్మా?' అంటారు. 'నొప్పి' అనే మాటలో 'ప్పి' దగ్గరికి వచ్చేసరికి ఆయన పక్క మంచం దగ్గర ఉంటారు. రోజులో మిగిలిన 23 గంటల 58 నిమిషాలు సిస్టరమ్మవి.

ఇది అమెరికా వాళ్లు ముందే పసిగట్టారు. 2008 నుంచి అక్కడ ఆసుపత్రులకు రోగులు వేసిన మార్కులు జనం ముందు పెడుతున్నారు. హెచ్‌క్యాప్స్ అనే ఆ ప్రశ్నాపత్రంలో మొట్టమొదటి ప్రశ్న నర్సులు మీతో ఎంత తరచుగా మర్యాదగా, గౌరవంగా మెలిగారన్నదే. డాక్టర్ల వంతు ఆ తర్వాతే. జీన్ వాట్సన్ అనే నర్సింగు ఆచార్యురాలు 1979లోనే ఈ ఆప్యాయతను పది అంశాలుగా విడగొట్టి పుస్తకం రాసింది. పదింటిలో ఒక్కటి కూడా 'పళ్లు కనబడాలి' అని లేదు. కానీ మన యాజమాన్యాలు పుస్తకాలు చివరిదాకా చదవవు కదా.

మా పెద్దమ్మను చేర్చిన ఆసుపత్రి (పేరెందుకు లెండి) వాళ్ల తర్కం మాత్రం నాకు బాగా నచ్చింది. నర్సులను పెంచితే జీతాలివ్వాలి. నవ్వును పెంచితే పైసా ఖర్చు లేదు. అందుకని నైట్ డ్యూటీ దిగిన పిల్లల్ని ఇంటికి పోనీకుండా హాల్లో కూర్చోబెట్టి, నవ్వడం ఎలాగో రెండు గంటలు క్లాసు చెప్పించారు. ముందు వరుసలో ఒకమ్మాయి కళ్లు తెరిచే నిద్రపోయిందట. నవ్వు ముఖంతోనే.

లెక్క కూడా చూద్దాం. ఆ వార్డులో 45 మంచాలు, రాత్రికి ఒక్క సిస్టర్. మామూలు ఆసుపత్రిలో జనరల్ వార్డుకు 5 మంచాలకు ఒక నర్సు ఉండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. అంటే తొమ్మిది మంది. మూడు డ్యూటీలకు పంచితే పూటకు ముగ్గురు. ఉన్న ఒక్కరికి 12 గంటల రాత్రిలో మనిషికి 16 నిమిషాలు వస్తాయి. అందులో ఇంజెక్షన్లు, బీపీ, సెలైన్లు, కేసు షీట్లు, ఫోన్లు పోను మిగిలిన దాంట్లో ఆప్యాయత.

రాత్రి రెండింటికి ఆమె మా మంచం దగ్గరికి వచ్చింది. నవ్వలేదు. సెలైన్ ఎక్కుతున్న పెద్దమ్మ చేతిని వేళ్లతో తడిమి చూసింది.

"పొంగిపోయిందే అవ్వా, పిలవకూడదా?"

"నీకు పనెక్కువ గదమ్మా అని ఊరుకుంటి."

మారు మాట్లాడకుండా ఆ సూది తీసేసి, రెండో చేతికి నరం వెతికింది. నేను ఫోను టార్చి పట్టాను. రాత్రుళ్లు దీపం పట్టుకుని రోగుల్ని చూసుకున్న నర్సు నైటింగేల్ గుర్తుగా ఏటా మే 12న నర్సులు కొవ్వొత్తులు వెలిగిస్తారు, మిగతా 364 రాత్రులు ఇదే వెలుగు. ప్లాస్టరు అంటించి, అది ఊడకుండా బొటనవేలితో రెండుసార్లు నిమిరి, "తెల్లారేదాకా ఈ చెయ్యి మడవొద్దవ్వా" అని వెళ్లిపోయింది. పెద్దమ్మ అయిదు నిమిషాల్లో గుర్రు పెట్టింది. దీన్ని పరిశోధకులు ఏ పట్టికలో వేస్తారో నాకు తెలీదు.

డిశ్చార్జి రోజు ఒక అబ్బాయి ఫారం తెచ్చాడు. అయిదు గుండ్రటి మొహాలు, ఏడుపు నుంచి నవ్వు దాకా. పెద్దమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవురు నాయనా వీడు, ఊరికే నవ్వతాండాడు?" అంది. 'నర్సు చిరునవ్వుతో పలకరించిందా?' అన్న ప్రశ్నకు నిజం చెబితే లేదనాలి. అంటే మంచి సిస్టరుకు మార్కులు కోయాలి. అయిదు వేసేశాను, అబద్ధమే.

కింద 'సూచనలు' అని రెండు గీతలున్నాయి. 'రాత్రి పూట ఇంకో ఇద్దరు సిస్టర్లను పెట్టండి' అని రాశాను. అబ్బాయి చదివి తల గోక్కున్నాడు.

"సార్, ఈ ఫారం స్టాఫు ప్రవర్తన గురించి మాత్రమే. వేరేవి రాస్తే సిస్టం తీసుకోదు."

సరేనని కొట్టేసి మళ్లీ రాశాను: 'రాత్రి పూట ఇంకో ఇద్దరు సిస్టర్లు మర్యాదగా ప్రవర్తించవలెను.'

తీసుకుంది.