ముందు ప్లగ్గులు విప్పి చూడండి

ఇంజిన్ విప్పకుండానే పాత హోండా ఎస్2000 కారుకి సూపర్‌చార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని బలవంతంగా తోసేది) బిగించి రేస్ ట్రాక్ ఎక్కొచ్చని మీరు రాశారు. బిగించొచ్చు, కాదనను. కానీ ఆ ఇంజిన్ కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలీ పెట్రోలూ నొక్కుకుపోయే నిష్పత్తి, అసలే ఎక్కువ, 11:1. ఆపైన గాలి తోస్తే నాకింగ్ (పెట్రోలు మిశ్రమం అదుపు తప్పి తనంతట తానే పేలడం) భయం తప్పదు. రోడ్డు మీద ఒకట్రెండు సార్లు తొక్కితే ఏమీ తెలీదు. మద్రాస్ ట్రాక్‌లో ల్యాప్ మీద ల్యాప్ లాగితేనే లోపలికెళ్లే గాలి వేడెక్కి అసలు రంగు బయటపడుతుంది. బూస్ట్ (తోసే గాలి ఒత్తిడి) తక్కువ పెట్టి, ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గు నిప్పురవ్వ వేసే సమయం) కాస్త వెనక్కి జరపాలి. మా విజయనగరం బంకుల్లో మామూలు పెట్రోలు పోసి ట్యూన్ చేయిస్తే అంతే సంగతులు, నాకింగ్‌ని తట్టుకునే ఎక్కువ ఆక్టేన్‌ది కావాలి. సౌండ్‌కి మురిసిపోవడం తర్వాత, ముందు స్పార్క్ ప్లగ్గు విప్పండి. తెల్ల పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలుంటే నాకింగ్ మొదలైనట్టే. మెరిసే అల్యూమినియం చుక్కలు కనిపిస్తే పిస్టన్ కరుగుతోందన్నమాట, బండి ట్రాక్ ఎక్కించకండి. ఇంతకీ మీరు చెప్పిన కిట్‌లో ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఉందా, విడిగా కొనాలా?