నూకండప్పా, పద్మిని కదలాలి!

కర్నూలులో రాజధాని 1953 నుంచి 1956 దాకా ఉంది. మూడేళ్ళే. ఆ తర్వాత ఈ ఊళ్ళో అంత స్థిరంగా నిలబడ్డ ప్రభుత్వ వ్యవహారం ఏదైనా ఉందంటే, అది రాజ్‌విహార్ సెంటర్లో మా ఆఫీసు సార్ కారే.

1978 మోడల్ ప్రీమియర్ పద్మిని. మామగారిచ్చింది. రంగు తెలుపు, ఆర్‌సీ పుస్తకం ప్రకారం. దాన్ని పాత కారు అనకూడదు, క్లాసిక్ అనాలి. అమ్మితే కొనేవాడు లేక ఉంచుకున్నది పాత కారు, అడిగినా అమ్మకుండా ఉంచుకున్నది క్లాసిక్. దీన్ని ఇంతవరకు ఎవరూ అడగలేదు. అయినా క్లాసికే.

ఇలాంటి కార్లవాళ్ళు మీకూ తెలుసు. ఆదివారం కవరు తీసి, తుడిచి, ఫొటో దిగి, మళ్ళీ కప్పేస్తారు. వాళ్ళతో లోకానికి పేచీ లేదు. మా సార్ ఆ రకం కాదు. "కారన్నాక రోజూ తిరగాలయ్యా, లేకుంటే తుప్పు పడుతుంది" అంటారు. కాబట్టి రోజూ ఆఫీసుకి అందులోనే వస్తారు. సిద్ధాంతం మంచిదే. అది రోజూ తిరగాలంటే రోజూ నలుగురు కావాలి, అంతే.

పొద్దున తొమ్మిదింటికి మా వీధిలో చోక్ లాగిన చప్పుడు, ఆ వెనకే సెల్ఫ్ మూలుగు. నాలుగోసారికి బ్యాటరీ అలుగుతుంది. అప్పుడు సార్ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి రెండు వేళ్ళు ఊపుతారు. సెకండ్ గేరు వేశాను, నూకండి అని. నాది కూడా అదే వీధి కాబట్టి నాకు లిఫ్ట్ ఇస్తారు. లిఫ్ట్ అంటే ఎత్తడం అనే అర్థం కూడా ఉందని నాకు ఈ కారు దగ్గరే తెలిసింది.

మొన్న మే నెలలో ఒక సోమవారం. తొమ్మిదిన్నరకే ఎండ చుర్రుమంటోంది. ముందు సోఫా సీటులో ముగ్గురం. స్టీరింగ్ కింద గేరు రాడ్డు కదిలినప్పుడల్లా మధ్యలో కూర్చున్న నా మోకాలు కదలాలి. రాజ్‌విహార్ దగ్గర పద్మిని నాలుగు గుటకలు మింగి ఆగిపోయింది. వెనక ఆర్టీసీ బస్సు, దాని వెనక ఆటోలు, వాటి వెనక సగం ఊరు. హారన్ల మధ్య సార్ తాపీగా దిగి బానెట్ ఎత్తి, కోపంగా వచ్చిన బస్సు డ్రైవరుకి పాఠం మొదలుపెట్టారు. పెట్రోలు పంపు ఇంజన్‌కే అంటుకుని ఉంటుంది. ఆ వేడికి పైపులో పెట్రోలు ఆవిరై బుడగలు కడుతుంది. పంపు బుడగల్నే తోడుతుంది, కార్బ్యురేటర్‌కి చుక్క పోదు. దీన్నే వేపర్ లాక్ అంటారు. పైగా ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాలు, అది పాత రబ్బరు గొట్టాలకి పడదు.

డ్రైవరు అంతా విన్నాడు. "ఇన్ని తెలిసి ఎండాకాలంలో దీన్ని బయటికెందుకు తెచ్చినావు సామీ?" అన్నాడు.

సార్ ఆ ప్రశ్నని పట్టించుకోలేదు. అప్పటికి జనం మూగారు కదా, చరిత్రలోకి వెళ్ళిపోయారు. మొదట్లో దీని పేరు ఫియట్ 1100 అట, 1974లో పద్మిని అయిందట, ఇంజన్ 1089 సీసీ అట. ఇద్దరు కుర్రాళ్ళు సెల్ఫీ దిగారు. ఒకాయన బండి దగ్గర ఉగ్గాని తింటూ తింటూ ప్లేటుతో సహా వచ్చి, మిరపకాయ బజ్జీ నోట్లో ఉండగానే ఒంటిచేత్తో డిక్కీ మీద చెయ్యేసి, "నూకండప్పా!" అని మాకు ధైర్యం చెప్పాడు. కాస్త అవతల కొండారెడ్డి బురుజు ఉంది. అదీ పాతదే. కానీ అది ఆఫీసుకని బయల్దేరదు.

పంపు చల్లబడాలంటే దాని మీద తడిగుడ్డ వెయ్యాలి. ఆ గుడ్డ మా అటెండరు భుజం మీది తువ్వాలు. నీళ్ళు ఆయన బాటిల్లోవి, తాగడానికి ఇంటి నుంచి తెచ్చుకున్నవి. ఆయనకి యాభై ఎనిమిదేళ్ళు, షుగరు. రోజూ సార్ ఇంటికొచ్చి, ఈ కారు నూకి, వెనక సీట్లో ఎక్కి, దారిలో మళ్ళీ దిగి నూకి ఆఫీసు చేరతాడు. ఏ సర్వీసు రూల్సులో రాసుంది ఇది? ఆ రోజు మేం చేరేసరికి పదిన్నర దాటింది. సార్‌ని లేటెందుకని అడిగేవాడు లేడు. అటెండరుకి లేటు మార్కు పడింది. ఆ నెలలో మూడోది, ఒక సెలవు పోయింది. ఆ మార్కు వేసిన కాగితం మీద సంతకం ఎవరిదనుకున్నారు? ఆ సార్‌దే! గ్రీజు అంటిన తువ్వాలు పిండుకుంటూ ఆ మనిషి నిలబడి ఉంటే, ఈయన ఏసీ గదిలో ఎవరికో ఫోన్లో "ఇది కారు కాదండీ, ఒక అనుభూతి" అని చెబుతున్నారు. అనుభూతి అంతా ఈయనకి, నడుంనొప్పి అంతా ఆయనకి. సిగ్గుండాలి.

సార్‌కి ఇంకో కోరిక ఉంది. 2028లో కారుకి యాభై ఏళ్ళు నిండుతాయి, వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించి వీఏ సిరీస్ నంబరు ప్లేటు తగిలించాలని. 2021లో వచ్చిన ఆ రూల్సు నేను చదివాను. ఆ ప్లేటు పెట్టాక బండిని మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనకో ర్యాలీకో తీసుకెళ్ళొచ్చు. ఆఫీసు ఊసే లేదు. పట్టరాని సంతోషంతో అటెండరుకి చదివి వినిపించాను.

ఆయన పూర్తిగా విని, "రిపేరుకి తీసుకుపోవచ్చా సార్?" అని అడిగాడు.

పోవచ్చు. పెట్రోలుకీ పోవచ్చు.

"అయితే మార్పేముంది సార్" అని, బాటిల్ నింపుకోవడానికి వెళ్ళాడు.