మా జిల్లాలకు ఒక యుద్ధ స్మారకం బాకీ ఉంది

నల్లగొండ, పాలమూరు జిల్లాలకు జరిగిన అన్యాయాల జాబితా పొడుగైనది. అందులో ఇంతవరకూ ఎవరూ చేర్చనిది ఒకటుంది. కొండెక్కి, ఒక స్తంభం పక్కన నిలబడి, కింద యుద్ధనౌకల రేవును చూస్తూ నిట్టూర్చే సౌకర్యం మాకు లేదు. సముద్రమే లేనివాళ్లకు రేవెందుకని నవ్వేవాళ్లు నవ్వవచ్చు. సముద్రం లేకపోవడం చిన్న సాంకేతిక లోపం మాత్రమే. దాన్ని ప్రభుత్వమే ఎలా దాటిందో కాసేపట్లో మనవి చేస్తాను.

ఈ కొరత నాకు చైనాలో తెలిసివచ్చింది. మా మేనకోడలు దాలియన్‌లో వైద్యం చదువుతోంది. పాలమూరు వాళ్లు ఒకప్పుడు తట్టా పారా పట్టుకుని దేశమంతా తిరిగారు, ఇప్పుడు వాళ్ల పిల్లలు స్టెతస్కోపు కోసం దేశాలు దాటుతున్నారు. అక్కాబావలతో పాటు వెళ్లిన నన్ను చూసి, ‘మామా, నీకు పాత కోటలంటే ఇష్టం కదా’ అని ఆ పిల్ల లూషున్ తీసుకెళ్లింది.

లూషున్ అంటే పాత పుస్తకాల్లోని పోర్ట్ ఆర్థర్. సన్నని ముఖద్వారం, లోపల విశాలమైన రేవు, చుట్టూ కొండలు. వాటిలో ఒకదాని ఎత్తు 203 మీటర్లు, పేరూ అదే. (మన దగ్గరైతే ఈపాటికి దానికి ముగ్గురు నాయకుల పేర్లు వచ్చి పోయేవి.) 1904లో ఆ రేవులో రష్యా నౌకాదళం ఉంది, రేవు చుట్టూ జపాన్ సైన్యం ఉంది. నవంబరు చివర్లో జపాన్ సేనాని నోగి తన బలాన్నంతా ఈ కొండమీదికి మళ్లించాడు. డిసెంబరు 5న శిఖరం చేతికి వచ్చేసరికి ఆ వాలుమీద రెండువైపులా వేలమంది పోయారు. నోగి రెండో కొడుకు వాళ్లలో ఒకడు. పెద్దకొడుకు కొన్ని నెలల ముందే ఇదే యుద్ధంలో చనిపోయాడు.

ఆ తరువాతి పని సులువుగా జరిగిపోయింది. శిఖరం మీదివాడు గురి చెప్పాడు, వెనక నుంచి 28 సెంటీమీటర్ల ఫిరంగులు పేలాయి, రేవులోని యుద్ధనౌకలు కొద్ది రోజుల్లోనే ఉన్నచోట మునిగాయి. 1905 జనవరి 2న రష్యన్లు లొంగిపోయారు. నౌకాదళాన్ని కొండమీద నుంచి ఓడించవచ్చని రుజువైంది. సముద్రం లేని జిల్లాల నుంచి వెళ్లినవాడికి ఇంతకంటే ధైర్యమిచ్చే చరిత్ర దొరకదు.

ఆ యుద్ధంలో నన్ను కట్టిపడేసిన పాత్ర మాత్రం జపానూ కాదు, రష్యా కాదు. కొండ చైనాది, రేవు చైనాది, తగలబడిన ఊళ్లు చైనావి. ఇద్దరు పొరుగువాళ్లు తన చేలో పడి కొట్టుకుంటుంటే గట్టుమీద కూర్చుని ‘నాదే పక్షమూ కాదు’ అన్న రైతులాగా చైనా ప్రభుత్వం తటస్థత ప్రకటించింది. నల్లగొండవాడికి ఈ హోదా ఎక్కడో చూసినట్టే ఉంటుంది.

గెలిచిన జపాన్ వాళ్లు యుద్ధభూమిలో ఏరిన లోహాన్ని కరిగించి, తూటా ఆకారంలో పది మీటర్ల స్తంభం పోసి శిఖరం మీద నిలిపారు. అది ఇప్పటికీ ఉంది. దాని దగ్గరున్న రాతను మేనకోడలు ఫోనులో అనువదించి చదివింది. ఇది జపాన్ సైనికవాదపు దురాక్రమణకు సాక్ష్యమనీ, అవమాన స్తంభమనీ దాని సారాంశం. నాకు చేతులెత్తి మొక్కాలనిపించింది. లోహం అదే, ఎత్తు అదే. కూల్చిన ఖర్చు లేదు, కొత్తగా కట్టిన ఖర్చు లేదు. ఒక్క రాత మారేసరికి కట్టినవాడి గర్వం కట్టినవాడి నేరమైపోయింది. పొదుపైన పాలన అంటే ఇదీ.

ఈ విద్యలో మేమూ తక్కువవాళ్లం కాదు. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. ఆ రోజును ఒకరు విమోచన దినం అన్నారు, మరొకరు జాతీయ సమైక్యతా దినం అన్నారు, ఇంకొకరు ప్రజాపాలన దినోత్సవం అన్నారు. జెండా కర్ర, మైకు, కుర్చీలు, చివరి వరుసలో కూర్చున్నవాళ్లు అందరూ పాతవారే. బ్యానరు రాసేవాడికి మాత్రం ఏడాదికోసారి గిరాకీ.

ఇక మా అర్హతలు విన్నవించుకుంటాను.

నౌకాదళం మా వైపు ఇప్పటికే దయచేసింది. వికారాబాద్ దగ్గర దామగుండం అడవిలో 2,900 ఎకరాల్లో నౌకాదళ రేడియో ప్రసార కేంద్రానికి 2024 అక్టోబరు 15న రక్షణ మంత్రి శంకుస్థాపన చేశారు. అక్కడి నుంచి వెలువడే తరంగాలు సముద్రగర్భంలోని జలాంతర్గాములకు ఆదేశాలు అందిస్తాయి. దేశంలో ఇలాంటి మొదటి కేంద్రం తిరునల్వేలిలో ఉంది. వాళ్లకు కాస్త దూరంలోనైనా సముద్రముంది, మాకు ఆ మాత్రం కూడా లేకుండా వచ్చింది కనుక గొప్పతనం మాదే. మూసీ పుట్టే కొండల పక్కన చెట్లు కొట్టడమేమిటని అడిగినవాళ్లు అడిగారు. సముద్రం అడుగున ఉన్నవాడికి చేరే మాట, అడవి పక్క ఊరి నుంచి సచివాలయానికి కూడా చేరుతుందని శాస్త్రవేత్తలు ఎక్కడా హామీ ఇవ్వలేదు.

రేవు అంటారా, నాగార్జునసాగర్ ఉంది. లాంచీలు తిరుగుతాయి. పైన హిల్ కాలనీ ఉంది, అంటే కొండ సిద్ధం. కింద పైలాన్ కాలనీ ఉంది, అంటే స్తంభం పేరు మీద ఏకంగా ఒక కాలనీయే వెలిసింది. పక్కనే 274 ఎకరాల్లో బుద్ధవనం ఉంది కదా, అక్కడ యుద్ధ స్మారకమేమిటని ఎవరైనా ఆక్షేపించవచ్చు. బుద్ధుడు ఇంతకంటే పెద్దవే సహించాడు.

యుద్ధం కూడా జరిగింది. 2023 నవంబరు 29 రాత్రి, తెల్లవారితే తెలంగాణలో పోలింగు అనగా, ఆంధ్రప్రదేశ్ పోలీసులు సాగర్ డ్యాం మీదికి వచ్చి 26 గేట్లలో 13 తమవంటూ ముళ్లకంచె వేశారు. కుడి కాలువకు నీళ్లు వదిలారు. తెలంగాణ పోలీసులు కంచెకు ఇవతల మోహరించి, అవతలివాళ్ల మీద కేసు నమోదు చేశారు. శత్రుసేన మీద ఠాణాలో ఫిర్యాదు రాసిచ్చిన ఘనత పోర్ట్ ఆర్థర్‌లో ఏ పక్షానికీ దక్కలేదు. చివరికి కేంద్రం సీఆర్పీఎఫ్ బలగాలను దింపి, ఇద్దరినీ నవంబరు 28 నాటి స్థితికి వెళ్లమంది. ఆ స్థితి ఏమిటో మాకు బాగా తెలుసు. ఒకవైపు నిండు జలాశయం, మరోవైపు మర్రిగూడ, మునుగోడు ఊళ్లలో తరాల తరబడి ఎముకలు వంచిన ఫ్లోరైడు నీళ్లు. భగీరథ నల్లా వచ్చేదాకా మా తటస్థత చెక్కుచెదరలేదు.

ఎవరూ చనిపోని యుద్ధానికి స్మారకం మంజూరు కాదని ఏ గుమాస్తా అయినా కొర్రీ వేస్తే, దానికీ నా దగ్గర సమాధానముంది, కానీ దాన్ని నవ్వుతూ చెప్పలేను. శ్రీశైలం నీళ్లను నల్లగొండకు తేవడానికి దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం తవ్వుతున్నారు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర దాని పైకప్పు కూలి ఎనిమిది మంది లోపలే ఉండిపోయారు. జార్ఖండ్ నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి, పంజాబ్ నుంచి, జమ్మూ కశ్మీర్ నుంచి వచ్చినవాళ్లు. మావాళ్లు ఊరుకాని ఊళ్లలో డ్యాములు కట్టినట్టే, మా నీళ్ల కోసం వాళ్లు ఇక్కడికి వచ్చారు. ఆ ఎనిమిది పేర్లు స్తంభం మీద చెక్కాలి. చోటు చాలదంటారేమోనని భయం. ప్రారంభోత్సవ ఫలకం మీద అంతకంటే ఎక్కువమంది ఉంటారు.

సంప్రదాయం ఉందా అని పురావస్తు శాఖ అడుగుతుంది. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల కాలంలోనే ఈ కృష్ణ లోయలో రాజులకూ సేనాపతులకూ యుద్ధంలో పోయిన సైనికులకూ ఛాయాస్తంభాలు నిలిపేవారు. డ్యాం నీళ్లు ముంచకముందే, 1954 నుంచి 1960 దాకా లోయను తవ్వి, దొరికినవాటిని నాగార్జునకొండ మీదికి చేర్చి, మిగిలినదాన్ని నీళ్లకు అప్పగించారు. కొండ ద్వీపమైంది, దానిమీద మ్యూజియం వెలిసింది. అంటే చుట్టూ నీళ్లు, కింద పడవల రేవు, పైన వీరుల స్తంభాలు, అన్నీ అమరిన స్మారకం ఎప్పటినుంచో ఉన్నట్టే. కాకపోతే విభజనలో అది పల్నాడు వైపు పోయింది. ఎదురు ఒడ్డున మనకొకటి ఉండి తీరాలన్న వాదనకు ఇంతకంటే బలమైన కారణం ఏ రాష్ట్రానికీ అక్కరలేదు.

నమూనా కూడా నేనే ఆలోచించిపెట్టాను. తూటా ఆకారం పాతబడింది, మాకు బిందె ఆకారం సరిపోతుంది. లోహం మూతబడిన ఫ్లోరైడు బోర్ల చేతిపంపుల నుంచి తీసుకోవచ్చు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడు తీసే పద్ధతికి శాస్త్రవేత్తలు నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టారు కాబట్టి, ఆ మూడింటినీ పునాదిలో వేస్తే శాస్త్రానికీ గౌరవం దక్కుతుంది. పోచంపల్లి చీర తరువాత మా జిల్లా పేరును లోకమంతా మోసినది అదే.

రాత విషయంలో చైనా అనుభవాన్ని వాడుకోవాలి. ఫలకాన్ని రాతిలో చెక్కకుండా మడతబందులతో బిగిస్తే ప్రభుత్వం మారినప్పుడల్లా తిప్పుకోవచ్చు. మెట్లు గేట్ల లెక్కన 26 ఉంటాయి. పదమూడో మెట్టు దగ్గర ముళ్లకంచె, ఒక సీఆర్పీఎఫ్ జవాను. పై మెట్లు ఎవరివో కృష్ణా బోర్డు తేల్చేదాకా సందర్శకులు అక్కడి నుంచే జలాశయాన్ని చూడవచ్చు. టిక్కెట్టు మాత్రం 26 మెట్లకూ వసూలు చేస్తారు, అందులో ఎవరి వాటా ఎంతో తేలదు కనుక డబ్బు ఉమ్మడి ఖాతాలో ఉంటుంది. మంగళవారం సెలవు. ఫొటోలకు అనుమతి ఉంది, డ్రోన్లకు లేదు. కొండమీద తాగునీటి వసతి లేదు, ఎవరి సీసా వారే వెంట తెచ్చుకోవలెను.