కొనాల్సింది యాంటీవైరస్ కాదు

మా బాబాయి ఈమధ్య తన ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టారు. స్క్రీన్‌పై కుడివైపు అడుగున నిమిషానికోసారి ఎర్రటి పెట్టె ప్రత్యక్షమై, కంప్యూటర్‌లో ఐదు వైరస్‌లు ఉన్నాయని, లైసెన్స్ గడువు ఈరోజుతో ముగుస్తోందని, వెంటనే డబ్బు కట్టి రెన్యువల్ చేసుకోవాలని హెచ్చరిస్తోంది. ఆయన అప్పటికే రెండుసార్లు ఫుల్ స్కాన్ చేయించారు. ఏమీ దొరకలేదు. దొరకనందుకు ఊరట కలగాల్సింది పోయి భయం ఇంకా పెరిగింది. ‘‘స్కాన్‌కే చిక్కడం లేదంటే ఎంత పెద్ద వైరసో చూడరా’’ అన్నారు. మరో కంపెనీ యాంటీవైరస్ కొనడానికి సిద్ధమై వచ్చారు.

నిజానికి ఆ పెట్టెను పంపుతున్నది వైరస్ కాదు. ఏదో ఒక వెబ్‌సైట్ నోటిఫికేషన్లు పంపడానికి అనుమతి అడిగినప్పుడు ఆయన చదవకుండానే ‘అలో’ నొక్కారు. ఆ అనుమతిని అడ్డుపెట్టుకుని ఆ సైట్ బ్రౌజర్ ద్వారా నకిలీ హెచ్చరికలు కుమ్మరిస్తోంది. కంప్యూటర్‌లో హానికరమైన ఫైలంటూ లేనప్పుడు ఎన్ని స్కాన్లు చేసినా దొరికేదేముంటుంది? బ్రౌజర్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల జాబితా తెరిచి, ఆ ఒక్క సైట్ పేరు తొలగించగానే ఎర్ర పెట్టెలు ఆగిపోయాయి.

ఇంట్లో వాడుకునే కంప్యూటర్‌కు యాంటీవైరస్ అవసరమా అన్న ప్రశ్నను నేను ఈ సంఘటన నుంచే చూస్తాను. యాంటీవైరస్ అవసరమే. అయితే అప్‌డేట్లు సక్రమంగా అందుతున్న విండోస్ కంప్యూటర్‌లో అది ముందే ఉంటుంది. దాని మీద మరొకటి కొనుక్కోవలసిన అవసరం చాలామందికి లేదని, అలా కొన్నదాని మీద పెట్టుకునే నమ్మకమే ఒక్కోసారి నష్టం చేస్తుందని నా అభిప్రాయం.

కొనే అలవాటు ఊరికే పుట్టలేదు. 2000 మే నెలలో ‘ఐ లవ్ యూ’ వైరస్ ప్రేమలేఖ రూపంలో ఈమెయిళ్లలో వచ్చిపడింది. ఫైల్ పేరు చివర ఉండే అసలు గుర్తును విండోస్ దాచిపెట్టడంతో, అది మామూలు టెక్స్ట్ ఫైలేనని నమ్మి లెక్కలేనంతమంది తెరిచారు. 2003 ఆగస్టులో వచ్చిన ‘బ్లాస్టర్’కు ఆ మాత్రం సహకారం కూడా అక్కర్లేకపోయింది. అది వాడుకున్న విండోస్ లోపాన్ని సరిదిద్దే అప్‌డేట్ లేని కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు కలిపితే చాలు, యజమాని ఏమీ నొక్కకుండానే అది లోపలికి దూరేది. పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతటదే నడిచే ప్రోగ్రాములు ఒక కంప్యూటర్ నుంచి మరొకదానికి అంటువ్యాధిలా పాకేవి. అప్పటి విండోస్‌కు సొంత రక్షణ దాదాపుగా లేదు కనుక, ఆ రోజుల్లో బయటి యాంటీవైరస్ లేకుండా కంప్యూటర్ వాడవద్దని చెప్పిన వాళ్లు సరిగ్గానే చెప్పారు.

ఆ తలుపులు ఒక్కొక్కటిగా మూసుకుపోయాయి. 2004లో విండోస్ ఎక్స్‌పీకి వచ్చిన రెండో సర్వీస్ ప్యాక్ అనే పెద్ద అప్‌డేట్, బయటి నుంచి వచ్చే కనెక్షన్లను అడ్డుకునే ఫైర్‌వాల్‌ను ముందుగానే ఆన్ చేసి ఇచ్చింది. పెన్‌డ్రైవ్‌లు వాటంతటవే నడవడం విండోస్ 7తో ఆగింది, పాత విండోస్‌లకు 2011లో అప్‌డేట్ ద్వారా ఆగింది. మైక్రోసాఫ్ట్ 2009లో ఉచిత యాంటీవైరస్ విడుదల చేసి, 2012లో విండోస్ 8తో దాన్ని డిఫెండర్ పేరిట వ్యవస్థలోనే కలిపేసింది. ఫైళ్లనే కాకుండా మెమరీలో నడిచే స్క్రిప్టులను కూడా పరిశీలించే ఏర్పాటు విండోస్ 10తో వచ్చింది. యాంటీవైరస్‌లను పోల్చి చూసే ఏవీ-టెస్ట్, ఏవీ-కంపారిటివ్స్ వంటి సంస్థలు జరిపే పరీక్షల్లో ఒకప్పుడు అడుగున ఉండే డిఫెండర్, కొన్నేళ్లుగా డబ్బు పెట్టి కొనే ఉత్పత్తుల సరసన నిలుస్తోంది. లోపాలు లేవని కాదు. ఇంటర్నెట్ లేనప్పుడు దాని గుర్తింపు శక్తి తగ్గుతుంది, పాత కంప్యూటర్లలో స్కాన్ నడిచేటప్పుడు వేగం మందగిస్తుంది.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. మరో యాంటీవైరస్ ఇన్‌స్టాల్ చేయగానే డిఫెండర్ పక్కకు తప్పుకుంటుంది. అంటే మనం ఉన్న తాళానికి తోడు ఇంకో తాళం వేయడం లేదు, ఉన్నది తీసేసి దాని స్థానంలో కొత్తది పెడుతున్నాం. ఆ కొత్తది పాతదానికంటే గట్టిదో కాదో తెలుసుకోకుండానే డబ్బు కడుతున్నాం.

యాంటీవైరస్ అంటే కంప్యూటర్‌లోని ప్రతి ఫైలునూ తెరిచి చూసే అధికారం ఉన్న ప్రోగ్రాం. అంత అధికారం ఉన్నచోట చిన్న పొరపాటు కూడా పెద్ద నష్టమవుతుంది. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ పంపిన ఒక అప్‌డేట్, విండోస్ ఎక్స్‌పీకి ప్రాణాధారమైన సొంత ఫైలునే వైరస్ అనుకుని పట్టుకుంది. దాంతో ఎన్నో కంప్యూటర్లు మళ్లీమళ్లీ రీస్టార్ట్ అవుతూ పనికిరాకుండా పోయాయి. 2016లో గూగుల్ పరిశోధకుడు టావిస్ ఆర్మాండీ సిమాంటెక్, నార్టన్ ఉత్పత్తుల్లో తీవ్రమైన లోపాలను బయటపెట్టారు. దాడి ఫైలును వినియోగదారు తెరవనక్కర్లేదు, అది ఈమెయిల్‌లో వచ్చి చేరితే చాలు, దాన్ని పరిశీలించబోయిన యాంటీవైరస్సే దాడికి దారి అయ్యేది. వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా బాధించింది అవాస్ట్ ఉదంతం. తమ బ్రౌజింగ్‌ను ఇతరులు కనిపెట్టకుండా కాపాడుతుందని నమ్మి ఇన్‌స్టాల్ చేసుకున్నవారి బ్రౌజింగ్ వివరాలనే ఆ కంపెనీ జంప్‌షాట్ అనే తన అనుబంధ సంస్థ ద్వారా అమ్మిందని తేలింది. 2020 జనవరిలో జంప్‌షాట్‌ను మూసేశారు. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ వ్యవహారంపై 1.65 కోట్ల డాలర్లు కట్టించేలా చర్య తీసుకుంది. కాపలాకు పెట్టుకున్నవాడే ఇంటి గుట్టు బయట అమ్ముకుంటే, ఆ కాపలా లేకపోవడమే మేలు కదా.

ఇప్పటి దాడులు ఎక్కువగా మనచేతే తలుపు తీయిస్తాయి. పైసా చెల్లించకుండా ఖరీదైన సాఫ్ట్‌వేర్ వాడుకుందామని లైసెన్స్ లేకుండా దాన్ని నడిపించే ‘క్రాక్’ డౌన్‌లోడ్ చేసుకునేవారికి, అందులోని సూచనల్లో మొదటి వాక్యమే ‘ముందుగా యాంటీవైరస్ ఆపేయండి’ అని ఉంటుంది. ఆపేస్తారు కూడా. ఈమధ్య ఇంకో పద్ధతి బాగా వ్యాపించింది. మీరు రోబో కాదని నిరూపించుకోమంటూ ఒక పేజీ మూడు మెట్లు చూపిస్తుంది: విండోస్, ఆర్ కీలు కలిపి నొక్కండి, కంట్రోల్, వీ కలిపి నొక్కండి, ఎంటర్ కొట్టండి. మొదటి మెట్టుతో ఆదేశాలు రాసే పెట్టె తెరుచుకుంటుంది. రెండోదానితో, ఆ పేజీ అప్పటికే కాపీ చేసి ఉంచిన ఆదేశం అందులో పడుతుంది. మూడోదానితో వినియోగదారే స్వయంగా దొంగను లోపలికి పిలుస్తాడు. ఆ దొంగ వైరస్‌లా కంప్యూటర్‌ను పాడుచేయడు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లను, లాగిన్ అయి ఉన్నామని గుర్తుపెట్టుకునే చిన్న ఫైళ్లయిన కుకీలను క్షణాల్లో మూటగట్టుకుని పోతాడు. ఆ కుకీలతో మరోచోట అవే ఖాతాలు పాస్‌వర్డ్ అడక్కుండానే తెరుచుకోవచ్చు. యాంటీవైరస్ దీన్ని కొన్నిసార్లు పట్టుకుంటుంది, కొన్నిసార్లు పట్టుకోలేదు. నకిలీ బ్యాంకు పేజీలో మన చేత్తో మనమే పాస్‌వర్డ్ రాసి ఇచ్చినప్పుడు స్కాన్ చేయడానికి ఫైలే ఉండదు.

అప్‌డేట్ల విషయంలో మాత్రం నేను మొండిగానే మాట్లాడతాను. 2017 మే 12న ‘వానాక్రై’ 150కి పైగా దేశాల్లో కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు డిమాండ్ చేసింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14నే మందు విడుదల చేసింది. రెండు నెలల వ్యవధి ఉంది. అప్‌డేట్ చేసుకున్న యంత్రాలు ఆ లోపం గుండా వచ్చే దాడికి లొంగలేదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పొడిగింపు భద్రతా అప్‌డేట్లకు నమోదు కాకుండా అదే విండోస్‌పై కొనసాగుతూ, మంచి యాంటీవైరస్ ఒకటి కొంటే సరిపోతుందనుకోవడం పొరపాటు. కారే ఇంటి కప్పు కింద గిన్నె పెట్టడం లాంటిదది. కప్పు బాగుపడదు.

మ్యాక్‌లోనూ ఎక్స్‌ప్రొటెక్ట్ అనే సొంత రక్షణ 2009 నుంచి ఉంది. మ్యాక్‌కు వైరస్‌లు రావన్న మాట మాత్రం నిజం కాదు. 2012లో ‘ఫ్లాష్‌బ్యాక్’ సుమారు ఆరు లక్షల మ్యాక్‌లకు సోకింది.

డబ్బు పెట్టి కొనడం అందరికీ వృథా అని నేను అనను. ఒకే కంప్యూటర్‌ను పిల్లలు, పెద్దలు అందరూ వాడే ఇంట్లో, కనిపించిన ప్రతి గేమ్ డౌన్‌లోడ్ అయ్యేచోట, వాడే బ్రౌజర్ ఏదైనా చెడ్డ సైట్లను ఆపే అదనపు వడపోత ఉపయోగపడుతుంది. ఇబ్బంది వస్తే ఫోన్ చేసి అడగడానికి ఒక మనిషి ఉండాలనుకునేవారికి కూడా ఆ చందాలో విలువ ఉంది. అలాంటివారు పరీక్షా సంస్థల తాజా ఫలితాలు చూసి ఎంచుకోవాలి. పాప్‌అప్ చూసి భయపడి మాత్రం కొనకూడదు.

బాబాయి ల్యాప్‌టాప్‌లో ఆరోజు మేము చేసిన పనులు కొన్నే. ఆగిపోయి ఉన్న అప్‌డేట్లను పూర్తి చేశాం. ఈమెయిల్ ఖాతాకు రెండంచెల లాగిన్ పెట్టాం. వానాక్రైలా ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్, ఫోల్డర్లను మార్చకుండా అడ్డుకునే సౌకర్యం డిఫెండర్‌లోనే ఉన్నా ఆఫ్‌లో ఉంటుంది కనుక దాన్ని ఆన్ చేశాం. లైసెన్స్‌కు పెడదామనుకున్న డబ్బుతో ఆయన మర్నాడు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తెచ్చుకున్నారు. పదిహేనేళ్ల ఫొటోలు కాపీ కావడానికి సాయంత్రం దాకా పట్టింది. పూర్తయ్యాక డిస్క్‌ను అలాగే తగిలించి ఉంచబోతే, వద్దని చెప్పి కేబుల్ తీయించాను. రాన్సమ్‌వేర్ వస్తే ల్యాప్‌టాప్‌తో పాటు దానికి తగిలించి ఉన్న డిస్క్‌కూ తాళం వేస్తుంది. బీరువాలో ఉన్న డిస్క్ దానికి అందదు.